ఐదు వందల ప్రతుల అశ్వమేధం

శుక్రవారం నాడు, వర్జ్యం పోయి దుర్ముహూర్తం ఇంకా రాని నడిమి ఘడియలో, కరీంనగరమను మహాపట్టణమున, మంకమ్మతోట యను పేటలో, మా వాకిట ఒక ట్రాలీ ఆటో ఆగింది. ఊరికే ఆగలేదు. ప్రళయకాల మేఘంలా ఉరిమి, దావానలంలా పొగ విడిచి, ఎదురింటి కుక్కను మూడడుగులు వెనక్కి తగ్గించి మరీ ఆగింది. దాని వీపున అట్టపెట్టెలు. పురాణాల్లో దిగ్గజాలు ఎనిమిదే. నాకు పది వచ్చాయి. ఒక్కో దానిలో యాభై ప్రతుల చొప్పున నా కథల పుస్తకం.

ఆటో సారథి ఒక పెట్టెను భుజానికెత్తుకుని, మోకాళ్లు వణకగా అడిగాడు.

"ఏం బరువున్నయి సార్! టైల్సా?"

"పుస్తకాలు తమ్మీ."

"స్కూల్ బుక్సా?"

"కాదు, కథలు. నేనే రాసిన."

అతను పెట్టె దించి నన్ను చూశాడు. ఇంట్లో పెద్ద జబ్బుపడ్డ మనిషి ఉన్నాడని తెలిసినప్పుడు బయటివాళ్లు చూసే చూపు అది. చెప్పిన కిరాయిలో యాభై తగ్గించుకుని వెళ్లిపోయాడు. నా పుస్తకానికి అందిన మొదటి సాహిత్య పురస్కారం అదే అనుకుంటాను.

అంత మా గృహలక్ష్మి, చేతిలో చీపురు త్రిశూలమై మెరయగా, గడపలో నిలిచి ఒక్క ప్రశ్న వేసింది. "ఇవన్ని ఏడ పెడ్తరు?" వ్యాసుడు భారతం చెబుతుంటే గంటం ఆపకుండా రాసిన వినాయకుణ్ని కూడా ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగితే పర్వాలు తగ్గేవి. అప్పుడు నా దృష్టి మంచం మీద పడింది. సరిగ్గా చెప్పాలంటే మంచం కింద పడింది. అతల వితల సుతలాది ఏడు లోకాలకూ దిగువన, పాత చెప్పులూ, పగిలిన బకెట్టూ, 2009 నాటి ఎన్నికల డ్యూటీ సంచీ నివసించే ఆ చీకటి లోకంలోకి దిగ్గజాలు ఒక్కొక్కటే మోకాళ్ల మీద ప్రవేశించాయి.

మహాకావ్యానికి పద్దెనిమిది వర్ణనలు ఉండాలని ఆలంకారికుల శాసనం. నగరం, సముద్రం, కొండ, ఋతువు, చంద్రోదయం, సూర్యోదయం, ఉద్యానం, జలక్రీడ, మధుపానం ఇత్యాదులు. నా వస్తువుకు వీటిలో నాలుగో ఐదో పొసగుతాయి. ద్యూతం మాత్రం కథ మొదలుకాక ముందే అయిపోయింది. ఒక ప్రతికి 80 రూపాయల చొప్పున 40,000 పెట్టి ఐదు వందలు అచ్చు వేయించడం కన్నా పెద్ద ద్యూతం హస్తినాపురంలోనూ జరగలేదు. ధర్మరాజుకు కనీసం ఎదుట ఒక శకుని ఉన్నాడు. నాకు పాచికలూ నేనే, శకునీ నేనే. పూర్వకవులు కృతిని అంకితమిచ్చి కృతిభర్త నుంచి మాన్యాలూ మడులూ పుచ్చుకునేవారు. సొంతంగా అచ్చువేసుకునే రచయితకు కృతిభర్త కూడా తానే. నా విషయంలో ఆ రాజు పేరు రిటైర్మెంట్ డబ్బు.

ఇక నగరవర్ణన. మానేరు ఒడ్డున, ఎలగందుల కోట కనుచూపు మేరలో, గ్రానైట్ గుట్టలు దుర్గాలై చుట్టి ఉండగా వెలసినది ఈ కరీంనగరం. ఇక్కడి పనివాళ్లు వెండిని తలవెంట్రుకంత సన్నని తీగగా సాగదీసి, ఆ తీగతో పల్లకీలనూ నెమళ్లనూ అల్లుతారు. సముద్రం లేదన్న లోటు దిగువ మానేరు జలాశయం తీరుస్తుంది, పౌర్ణమి నాడు కట్ట మీద నిలబడితే ఆ లోటు ఉందన్న సంగతే గుర్తురాదు. ఈ ఊరి గాలిలోనే ఏదో ఉంది. 1959లో ఇక్కడి ప్రభుత్వ కళాశాలకు తొలి ప్రిన్సిపాల్‌గా వచ్చినవాడు విశ్వనాథ సత్యనారాయణ. ఆయన 'వేయిపడగలు'ను 'సహస్రఫణ్'గా హిందీలోకి మోసుకెళ్లిన పీవీ పెరిగిన వంగర పాత కరీంనగర్ జిల్లా ఊరే. జ్ఞానపీఠం ఎక్కిన సినారె పుట్టిన హనుమాజీపేట ఇక్కడికి కూతవేటే. ఈ గాలి పీల్చినవాడు రాయకుండా ఉండలేడు. కొనకుండా మాత్రం హాయిగా ఉండగలడు.

పుస్తక ప్రచారంలో మా జిల్లాకు వెయ్యేళ్ల చరిత్ర ఉందంటే ఇతర జిల్లాలవారు నొచ్చుకుంటారేమో గానీ, అది నిజం. వేములవాడ చాళుక్యరాజు రెండో అరికేసరి కొలువులో పంపకవి కన్నడంలో 'విక్రమార్జున విజయం' రాశాడు. రాజు మెచ్చి ధర్మపురం అనే అగ్రహారం ఇచ్చాడు. రాయల్టీ కింద ఒక ఊరు! అక్కడితో ఆగలేదు. పంపడి తమ్ముడు జినవల్లభుడు ఇప్పటి గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద శాసనం చెక్కించి అన్నగారి కీర్తిని దానిలో నిలిపాడు. ఒక భాషలో కాదు, సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలోనూ. తెలుగు భాగంలో ఉన్నవి కందపద్యాలు. తెలుగు ప్రాచీనతకు సాక్ష్యంగా నేటికీ పండితులు వాటినే చూపిస్తారు. అంటే పదో శతాబ్దంలోనే మా ప్రాంతంలో ఒక రచయితకు మూడు భాషల్లో ప్రచారం జరిగింది, అదీ గుట్ట మీద, చెరగని అక్షరాల్లో.

నాకూ ఒక తమ్ముడున్నాడు. ప్లాట్ల వ్యాపారం. జినవల్లభుడి కథంతా చెప్పి, అన్న కోసం ఏదన్నా చెయ్యరా అన్నాను. వాడు వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. ఇరవై నాలుగు గంటల్లో అది మాయమైంది.

అట్టి సమయంబున మంత్రాలోచన అవసరమైంది. కోర్టు చౌరస్తా దగ్గర చాయ్ బండి కొలువుకూటమైంది. ఆరు పుస్తకాలు వేసి ఆరింటినీ ఇంకా ఇంట్లోనే పోషిస్తున్న కవిమిత్రుడొకరు, లైబ్రరీలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు, రీల్సు తప్ప రెండో లోకమెరుగని మా మేనల్లుడొకడు మంత్రులు. కవిమిత్రుడు భీష్ముడిలా గొంతు సవరించుకున్నాడు.

"ముందుగాల ఆవిష్కరణ వెట్టాలె. ఆవిష్కరణ లేని బుక్కు, బారసాల కాని పిల్ల."

మేనల్లుడు అభిమన్యుడిలా లేచాడు. "మామా, గవన్ని ఓల్డ్. ముప్పై సెకన్ల రీల్ జేద్దాం. నువ్వు డ్యాం కట్ట మీద నడుస్తుంటవు, ఎనక నుంచి గాలొస్తది, పుస్తకం పేజీలు తిరుగుతయి."

లైబ్రరీ పెద్దాయన చాయ్ సాసర్‌లో పోసుకుని చప్పరించి, విదురనీతి చెప్పాడు. "ఎవ్వనికి ఫిరీగ ఇయ్యకు." ఆ మాట ఆ క్షణంలో ఎవరికీ వినబడలేదు. నీతి చెప్పిన విదురుడి మాట హస్తినలో మాత్రం ఎవరు విన్నారు?

ఆవిష్కరణ సభ వర్ణన కొంచెం విస్తరిస్తాను, క్షమించాలి. యుద్ధపర్వం అదే. హాలు కిరాయి, ఏడు శాలువాలు, ఏడు జ్ఞాపికలు, ఉప్మా, చాయ్, వెరసి 11,500. వేదిక మీద ఏడుగురు, ఎదుట అరవై మంది. ఆ అరవై మందిలో ఇరవై ఇద్దరు కవులు. కవి ఇంకొక కవి పుస్తకం కొనడు. అది అగ్నిహోత్రుడు వేడి నీళ్లు అడగడం లాంటిది. ముఖ్య అతిథి ముందుకు ఒక పళ్లెం వచ్చింది. పళ్లెంలో బంగారు రంగు కాగితం చుట్టిన ఐదు పుస్తకాలు. చుట్టింది మా మేనల్లుడు. చుట్టడానికి ఒక సెల్లోటేపు చుట్ట మొత్తం వాడాడని నాకు అప్పటికి తెలియదు.

ముఖ్య అతిథి మొదట రిబ్బను లాగారు. అది ముడి బిగిసింది. కాగితం అంచు వెతికారు, అంచు లేదు. గోటితో గీకారు. మిథిలా నగరంలో శివధనుస్సు ముందు వరసగా రాజులు వచ్చి, మీసం దువ్వి, లాగి, చెమటోడ్చి వెళ్లినట్టు, అధ్యక్షులు ప్రయత్నించారు, ఆత్మీయ అతిథి ప్రయత్నించారు, సమీక్షకులు పళ్లు కూడా ప్రయోగించారు. వాటిలో రెండు కట్టుడు పళ్లని ఊరికంతా తెలుసు. ఫొటోగ్రాఫర్ "సార్, ఇటు చూడుండ్రి, నవ్వుండ్రి" అంటూ ఏడు ఫ్లాష్‌లు వదిలాడు. పుస్తకం కనబడని ఆవిష్కరణ ఫొటోలు నా దగ్గర ఇప్పటికీ ఏడున్నాయి. చివరికి చాయ్ గ్లాసులు పంచుతున్న పదహారేళ్ల పిల్లవాడు ట్రే కింద పెట్టి, జేబులోంచి సైకిల్ తాళంచెవి తీసి, ఒక్క గీటు గీశాడు. ఫెళ్లుమన్న చప్పుడు రాలేదు, చిర్రుమన్నది అంతే. బంగారు కాగితం రెండుగా చీలి, లోపల నా ముఖచిత్రం సిగ్గుపడుతూ కనబడింది. సభ చప్పట్లు కొట్టింది. న్యాయంగా అయితే సీతను ఆ పిల్లవాడికే ఇవ్వాలి. ఒక ప్రతి ఇచ్చాను.

అదే మొదటి తప్పు. ఆ ఇవ్వడం చూసిన సభకు ధర్మసూక్ష్మం బోధపడింది. "సంతకం చేసియ్యుండ్రి సార్" అంటూ ఒక చెయ్యి వచ్చింది. దాని వెనక కార్తవీర్యార్జునుడివి వేయి చేతులూ వచ్చాయి. నా చేతిలో పెన్ను. బ్రహ్మాస్త్రం ప్రయోగించినవాడి మీదికే తిరగబడితే ఎట్లా ఉంటుందో ఆ సాయంత్రం చూశాను. 'ఆత్మీయులు ఫలానా గారికి' అని రాసిన ప్రతిసారీ 80 రూపాయలు ఇంకి పోతున్నాయని తెలుసు, చెయ్యి ఆగదు. నా పేరు నేను రాసుకోవడంలో ఉన్న మత్తు కల్లులోనూ లేదు. మధుపాన వర్ణన కావాలన్న ఆలంకారికులు దీన్నే ఆ ఖాతాలో వేసుకోవచ్చు. సభ ముగిసేసరికి 48 ప్రతులు దానధర్మాలకు వెళ్లాయి. డబ్బు పెట్టి కొన్నవి 17. వాటిలో తొమ్మిది మా బంధువులవి, మొహమాటం పద్దు.

ఇక శాస్త్రోక్త కర్మకాండ. పుస్తకానికి ఐఎస్‌బీఎన్ అనే త్రయోదశాంక మహామంత్రం కావాలి. 978 బీజాక్షరంతో మొదలయ్యే ఈ మంత్రాన్ని ఢిల్లీలో రాజా రామమోహన్ రాయ్ పేరిట ఉన్న సంస్థ రచయితలకు కూడా రుసుము లేకుండానే ఉపదేశిస్తుంది. దీన్ని అమ్ముతామని వచ్చే మధ్యవర్తులుంటారు, వారికి దండం పెట్టి పంపాలి. ఆ తరువాత దిక్పాలక పూజ. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా, సొంత ఖర్చుతో, తూర్పున కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, దక్షిణాన చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, పడమట ముంబయి సెంట్రల్ లైబ్రరీకి, ఉత్తరాన ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి ఒక్కో ప్రతి సమర్పించాలి. చట్టం చేసినవారిలో ఎవరో కావ్యాలు చదివినవారే ఉంటారు, లేకపోతే నాలుగు దిక్కులకూ ఇంత కచ్చితంగా ఒక్కో దేవతను ఎట్లా నిలబెడతారు! పోస్టాఫీసులో మంచి కాలమే. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని ఒక సేవ వచ్చింది, 300 గ్రాముల లోపు పుస్తకానికి 20 రూపాయలు, 5 కిలోల దాకా 100, పన్ను వేరే. పాఠ్యపుస్తకాలకు, సామాజిక, సాంస్కృతిక, ధార్మిక గ్రంథాలకు ఉద్దేశించిన సేవ అది. కౌంటర్లో ఉన్న అమ్మాయి నా పుస్తకం అటూ ఇటూ తిప్పి, "కథలంటే ఇండ్ల దేని కిందికొస్తయి సార్?" అంది. జీవితంలో ఏ సాహిత్య సభలోనూ ఎదురవని తాత్త్విక ప్రశ్న. "సామాజికం" అన్నాను. ఆ పిల్ల నమ్మింది. సమీక్షకులు ఇంకా నమ్మలేదు.

సమీక్షకు ఐదు పత్రికలకు రెండేసి ప్రతుల చొప్పున పది పంపాను. ఒక చోట 'స్వీకారం' శీర్షిక కింద పేజీల సంఖ్య, వెల అచ్చయ్యాయి. విప్రలంభ శృంగారమంటే ప్రతి ఆదివారం పొద్దున్నే పేపరు అనుబంధం తెరవడమే.

తరువాత దుకాణ ప్రవేశం. నలభై శాతం కమీషన్, అమ్మితేనే డబ్బు అన్న ఒప్పందం మీద నలభై ప్రతులు ఒక దుకాణంలో ఉంచాను. దుకాణం పేరు చెప్పను. నెల తరువాత పోయి చూస్తే నా పుస్తకం పోటీపరీక్షల గైడ్ల మహారణ్యంలో, అడుగు వరసలో, వెన్ను గోడవైపుకు తిప్పుకుని అజ్ఞాతవాసం చేస్తోంది. జమ్మిచెట్టు మీది ఆయుధాలకైనా ఏడాదికి విముక్తి ఉంది. నేనూ ఏడాదికే విడిపించుకొచ్చాను. అమ్ముడైనవి 9, తిరిగొచ్చినవి 31, చేతికొచ్చింది 810. ఆ దుకాణదారు తప్పు ఏమీ లేదు. గ్రూప్ టూ గైడు రోజుకు పది పోతుంటే, అద్దె కట్టే మనిషి నా కథలను ముందు వరసలో ఎందుకు పెడతాడు?

మేనల్లుడి అస్త్రం మిగిలింది. డ్యాం కట్ట మీద నడిచాను. గాలి అనుకున్నదాని కన్నా ఎక్కువ వచ్చింది, ఏడో పేజీ మానేరు పాలైంది. రీల్ గ్రూపుల్లోకి వెళ్లింది. బంధువుల గ్రూపు, పదో తరగతి బ్యాచ్ గ్రూపు, రిటైర్డు టీచర్ల గ్రూపు, సాహితీ గ్రూపులు మూడు. సాయంత్రానికి 214 బొటనవేళ్లు లేచాయి. ఏకలవ్యుడు గురువుకు ఒక్క బొటనవేలు కోసిచ్చి యుగాలపాటు నిలిచాడు. నాకు 214 మంది ఇచ్చారు, రక్తం చుక్క పడలేదు. కొన్నవారు ముగ్గురు. మరొకాయన "పీడీఎఫ్ ఉంటే పెట్టండి, తీరిగ్గా చదువుతా" అన్నాడు. ఆయన తీరిక మీద నాకు నమ్మకం ఉంది.

ఆ రాత్రి మంచం మీద పడుకుంటే కింద నాలుగు వందల ప్రతులు ఊపిరి తీస్తున్న చప్పుడు వినబడింది. (ఎలుక అని మా ఆవిడ అంది.) అప్పుడు వట్టికోట ఆళ్వారుస్వామి గుర్తుకొచ్చాడు. పెద్దవాళ్ల ఇళ్లలో వంట చేసి, హోటల్లో సర్వరుగా పనిచేసి, ప్రెస్సులో ప్రూఫులు దిద్ది బతికిన మనిషి. 1938లో సికింద్రాబాదులో 'దేశోద్ధారక గ్రంథమాల' పెట్టాడు. నిజాం పాలన, తెలుగు పుస్తకమంటేనే అనుమానం. ముప్పైకి పైగా పుస్తకాలు వేశాడు. వేసి ఊరుకోలేదు, తానే మోసుకుంటూ ఊరూరా తిరిగి జనం చేతుల్లో పెట్టి అమ్మాడు. జైలుకు పోయాడు, వచ్చాడు, మళ్లీ మోశాడు. ఆయనకు ఆవిష్కరణలు జరిగాయో లేదో గానీ, ఆయన భుజానికి కాయ కాసి ఉంటుంది. నా భుజం తడుముకుని చూశాను. శాలువా గుర్తు తప్ప ఏమీ లేదు.

తెల్లవారి రెండు గుడ్డసంచుల్లో అరవై ప్రతులు సర్దాను. అశ్వమేధానికి గుర్రం కావాలి గదా, ఆర్టీసీ బస్సు ఉంది. దండయాత్ర దిశ ఉత్తరం. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగా, సోన్ దగ్గర గోదావరి దాటి, నిర్మల్, ఆదిలాబాద్.

బస్సులో కాలు పెట్టే సందు లేదు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు టికెట్ లేని ప్రయాణం వచ్చాక మా బస్సులు నిండు బతుకమ్మల్లా కదులుతున్నాయి. సంచి ఒళ్లో పెట్టుకుని జగిత్యాల దాటేవరకు నోరు విప్పలేకపోయాను. ముప్పై ఆరేళ్లు క్లాసులో గొంతు చించుకున్న తెలుగు పంతులికి 'నా పుస్తకం కొనండి' అన్న మూడు మాటలు గొంతులో శివుడి గరళంలా నిలిచిపోయాయి. పక్కన కూర్చున్న ఆమే అడిగింది.

"ఏందన్నా గా సంచిల?"

"కథల పుస్తకాలు చెల్లె."

"ఏం కథలు?"

"మన దిక్కు కథలే. బీడీల ఖార్ఖానా, దుబాయి పోయినోళ్లు, అసొంటియి."

ఆమె ఒకటి తీసుకుని నడుమ పేజీ తెరిచి, కోరుట్ల వచ్చేవరకు తల ఎత్తలేదు. ఆమె వేళ్ల కొనలు చూశాను. ఆకు కత్తిరించీ దారం చుట్టీ నల్లబడ్డ వేళ్లు. "ఎంతకిస్తవు?" అంది. నూట యాభై అన్నాను. నూట ఇరవైకి తెగింది. కొంగు ముడి విప్పుతూ, "బస్సుకిరాయి మిగిలింది గద, గా పైసలే అనుకుంట" అంది. వెనక సీట్ల నుంచి ఇంకో మూడు చేతులు వచ్చాయి. ఈసారి సంతకం ఎవరూ అడగలేదు. డబ్బు ఇచ్చినవారికి రచయిత సంతకంతో పని ఉండదని ఆ రోజు తెలిసింది.

నిర్మల్‌లో బొమ్మలు చేసే కళాకారుల వాడకు పోయాను. తేలికైన పొనికి కర్రను చెక్కి, చింతగింజల జిగురుతో అతికి, రంగులద్ది పండ్లనూ పక్షులనూ పుట్టిస్తారు వాళ్లు. ఒక ముసలాయన నా పుస్తకం బరువు చూసి, "మా బొమ్మ కంటె బరువున్నది గని, ఇంట్ల పెడ్తె కనవడదు" అన్నాడు. సాహిత్య విమర్శ ఇంత సూటిగా నేను ఎక్కడా చదవలేదు. ఒక పుస్తకానికి ఒక చిలుక మార్పిడి జరిగింది. ఊరు మొత్తం మీద ఏడు. చిలుక మా టీవీ మీద ఉంది, నిజంగానే కనబడుతుంది.

మహబూబ్ ఘాట్ మలుపుల్లో బస్సు మేరుపర్వతం ఎక్కినట్టు ఎక్కింది. ఆదిలాబాద్ చలి వర్ణించడానికి ఋతువర్ణన ఒక సర్గ చాలదు గనుక మానేస్తాను. అది సామల సదాశివ ఊరు. 'స్వరలయలు'కు 2011లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చినా ఆదిలాబాద్ విడిచి పోని మనిషి. పాత సహోద్యోగులున్న రెండు బడుల స్టాఫ్ రూములకు జీతాలు పడ్డ మరునాడు పోయాను. ముహూర్తబలం అంటే అదే, పంచాంగంలో రాయరు. 24 ప్రతులు, పూర్తి వెలకు.

అక్కడినుంచి కేస్లాపూర్ పోయాను. జాతర రోజులు కావు. నాగోబా గుడి ముందు సంచులు దించి కూర్చున్నాను, భుజాలు రెండూ పుండ్లు. ప్రతి ఏటా పుష్య అమావాస్యకు ముందు గోండుల్లోని మెస్రం వంశీయులు గోదావరి నీళ్లకోసం చెప్పుల్లేకుండా, కాలినడకన, రోజుల తరబడి పోయివస్తారు. ఆ నీళ్లు ఎక్కడా కింద పెట్టరు. నా సంచులు బస్సులో వచ్చాయి, అయినా మూడుసార్లు కింద పెట్టాను. ఈ జిల్లాలోనే నార్నూరు దిక్కున గుంజాల గ్రామం ఉంది. గోండి భాషకు ఒక సొంత లిపి, ఆ లిపిలో రాసిన ప్రతులు ఆ ఊరి ఇళ్లలో తరాలపాటు భద్రంగా ఉన్నాయి. పండితుల కళ్లబడింది ఈ శతాబ్దంలో, యూనికోడ్‌లో చేరింది 2018లో. ఆవిష్కరణ లేదు, కమీషన్ లేదు, రీల్ లేదు. కేస్లాపూర్‌లో నేను ఒక్క పుస్తకం కూడా అమ్మలేదు, అమ్మబుద్ధి కాలేదు. ఈ కావ్యశైలి కూడా ఆ ఊళ్లో నోరెత్తలేదని పాఠకులు గమనించే ఉంటారు.

కాగజ్‌నగర్ కూడా పోవాలనుకున్నాను, దారి వేరు. ఊరి పేరులోనే కాగితం ఉన్న ఆ ఊళ్లో సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడి 2018లో తిరిగి తెరుచుకుంది. నా పుస్తకం కాగితం అక్కడిదేనా అని ప్రెస్సులో అడిగితే, "తెల్ల కాయితమే సార్" అన్నారు.

తిరుగుదారిలో భైంసా మీదుగా బాసర. చదువులతల్లికి ఒక ప్రతి సమర్పించాలని మొక్కు. హుండీ సందు సన్నంగా ఉంది, డెమ్మీ సైజు పుస్తకం పట్టదు. వంచి చూశాను, మడిచి చూశాను, అట్ట ఒప్పుకోలేదు. పూజారి జాలిపడి తీసుకుని అమ్మవారి పాదాల దిక్కు పెట్టారు. బయట పలకలూ బలపాలూ అమ్మే ఆయన పక్కన జాగా అడిగి కూర్చున్నాను. అక్షరాభ్యాసానికి వచ్చిన తల్లిదండ్రులు పలక ధర ఎవరూ బేరమాడటం లేదు. చెప్పినంత ఇచ్చి కళ్లకద్దుకుంటున్నారు. అక్షరం రాకముందు బేరం ఉండదు, చదవడం వచ్చాకే మొదలవుతుంది కాబోలు. ఆ ఊపులో ఆరు పోయాయి. ఒక తండ్రి మూడేళ్ల కొడుకు చేతిలో నా పుస్తకం పెట్టి ఫొటో తీశాడు. ఆ పిల్లవాడు ముఖచిత్రం మూల కొరికాడు. నా పాఠకుల్లో పుస్తకం రుచి చూసినవాడని రూఢిగా చెప్పగలిగింది ఆ ఒక్కణ్నే.

నాలుగు రోజుల దండయాత్రలో 41. ఆవిష్కరణ, రీల్, దుకాణం మూడూ కలిసి ఏడాదిలో 29. మొత్తం రాబడి 9,690. ఖర్చు లెక్క అడిగితే ఈ కావ్యం దుఃఖాంతమవుతుంది, మన ఆలంకారికులు ఒప్పుకోరు. కవిమిత్రుడు ఏడో పుస్తకం వేస్తున్నాడని, ఆవిష్కరణకు నన్ను ఆత్మీయ అతిథిగా పిలుస్తానని కబురు చేశాడు. సైకిల్ తాళంచెవి జేబులో వేసుకునే పోతాను. అతని పుస్తకం డబ్బిచ్చి కొంటానని కూడా చెప్పాను, అతను నమ్మలేదు.

పుస్తకం పేరు ఇంతవరకు చెప్పలేదు. చెబితే ఈ వ్యాసం కూడా ఒక వ్యూహమే అంటారు. కావలసినవారు మంకమ్మతోటలో ఎవరినడిగినా, మంచం కింద పుస్తకాలున్న పంతులు ఇల్లు చూపిస్తారు. వెల 150. చిల్లర తెచ్చుకోండి, ఫోన్‌పే కూడా ఉంది. సంతకం కావాలంటే వేరే పది రూపాయలు.

లెక్క ప్రకారం 367 మిగలాలి. నిన్న ఎంచితే 366 ఉన్నాయి. విచారిస్తే, మా ఆవిడ పక్కింటి వదినెకు ఒకటి అమ్మిందట. బేరం లేదు, తగ్గింపు లేదు, అరువు లేదు. నూట యాభై పప్పుడబ్బాలో వేసుకుంది, నాకు చూపించలేదు.